మిణుగురు నీళ్ళు

"మేడం, మీరెవరో నాకు తెల్వదు. మా అమ్మ ఫోన్ల మీ నంబరు 'మిణుగురు మేడం' అని ఉన్నది. అందరికీ చేసి చెప్తున్న. అమ్మ నిన్న సచ్చిపోయింది."

ఆ ఫోను వచ్చినప్పుడు నేను ఖమ్మంలో మా కాలేజీ ప్రయోగశాలలో ఉన్నాను. రెండో సంవత్సరం పిల్లలు బ్యూరెట్లు కడుగుతున్నారు. ఆ అమ్మాయి గొంతు నిబ్బరంగా ఉంది. అప్పటికే ఎంతమందికి చెప్పిందో, ఏడుపు అయిపోయిన గొంతు. ఎప్పుడు, ఎక్కడ, ఎలా అని అడగవలసినవన్నీ అడిగాను. భద్రాచలం నుంచి వరంగల్ తీసుకుపోతుంటే తొవ్వలోనే ప్రాణం పోయిందట. మీ అమ్మకు నేను ఏమవుతానో మాత్రం చెప్పలేదు. ఆ అమ్మాయి అడగనూ లేదు. ఇంకా ఫోన్లు చేయవలసినవాళ్ళు ఉన్నారు పాపం.

ఊళ్ళో అందరూ వాళ్ళమ్మను టెస్టరమ్మ అనేవాళ్ళు. జూలూరుపాడు దాటాక ఒకచోట రోడ్డు సన్నబడి, పత్తిచేలు అయిపోయి, టేకుచెట్లు మొదలవుతాయి. అక్కడ ఒక పాలకేంద్రం ఉంది. రేకుల కప్పు, ముందు సిమెంటు అరుగు, లోపల పాలు చల్లబరిచే పెద్ద స్టీలు తొట్టి. పొద్దున్నే చుట్టుపక్కల వాళ్ళు పాలు తెచ్చి పోస్తారు. వాటిని చూసి, తీసుకోవచ్చో లేదో చెప్పడం ఆమె పని. తొమ్మిదింటికి ట్యాంకరు వచ్చి పాలన్నీ పట్టుకుపోతుంది.

నలభై దాటిన మనిషి. పొట్టిగా, గట్టిగా ఉండేది. పాలు చూసేటప్పుడు ఎడమ చెయ్యి వీపు వెనక్కి మడిచి పెట్టుకునేది. కుడి చేత్తో క్యాను మూత తీసి, వంగి, కళ్ళు మూసుకుని వాసన చూసేది. ఆ తరువాత వేలితో ఒక్క చుక్క నాలుక మీద వేసుకుని, పక్కకు ఉమ్మి, ఉప్పునీళ్ళతో పుక్కిలించేది. ఇదంతా అయ్యేదాకా ఎడమ చెయ్యి ముందుకు వచ్చేది కాదు. ఎందుకలా అని ఒకసారి అడిగాను.

"రెండు చేతులు ముందట ఉంటె ఒకటి జాలి పడ్తది మేడం. పోనీ తియ్ అంటది. అందుకే దాన్ని ఎనకకు పెట్టిన."

పొద్దున పది దాటేవరకు ఉల్లిపాయ ముట్టేది కాదు, కారం తినేది కాదు. ఎవరైనా వక్కపలుకు ఇవ్వబోతే, "నా నాలుక నాది గాదు బిడ్డా, కేంద్రానిది" అనేది. అంత పాల మధ్య బతికిన మనిషి పాలు తాగేది కాదు. వాళ్ళ అమ్మది దుమ్ముగూడెం వైపు ఒక కోయ గూడెం. ఆ ఇంట్లో ఆవుల్ని పిండేవాళ్ళు కాదట. "అవి దూడయి, మనయి గాదు" అనేదట వాళ్ళమ్మ. ఈమె చిన్నప్పుడు హాస్టల్లో ఏడో తరగతి దాకా చదువుకుంది. అక్కడ గ్లాసుతో పాలు ఇస్తే కక్కుకుందట. పెళ్ళయి ఈ ఊరికి వచ్చాక పాలకేంద్రంలో ఊడ్చే పనికి కుదిరి, చూసి చూసి పని నేర్చుకుని, చివరికి టెస్టర్ అయింది. చాయ్ మాత్రం నల్లగా, బెల్లం వేసి తాగేది.

నేను ఆమె దగ్గరికి వెళ్ళింది నా అవసరం కోసం. పశువులకు వేసిన సూది మందులు పాలలోకి దిగుతాయి. ముఖ్యంగా పొదుగువాపు వచ్చినప్పుడు వేసే టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్. సూది వేశాక కొన్ని రోజులపాటు ఆ పాలు ఎవరికీ పోయకూడదు. పోస్తే ఆ మందు చిన్న చిన్న మోతాదుల్లో మనుషుల ఒంట్లోకి చేరుతుంది. మందుకు అలవాటుపడిన సూక్ష్మక్రిములు మొండికెత్తుతాయి. రేపు నిజంగా జబ్బు చేసినప్పుడు ఆ మందు పనిచేయదు. పాలలో ఉన్న మందును అక్కడికక్కడ, పెద్ద మిషన్లు లేకుండా కనిపెట్టే పద్ధతి తయారుచేయడం నా పీహెచ్‌డీ పని.

నా పద్ధతి చెప్పడానికి తేలికే. కంటికి కనపడనంత చిన్న బొగ్గు రవ్వలు నీళ్ళలో ఉంటాయి. మామూలుగా చూస్తే పలచటి టీ నీళ్ళలా కనిపిస్తాయి. వాటిమీద యూవీ టార్చి వేస్తే నీలంగా వెలుగుతాయి. పాలను కొద్దిగా ఆమ్లం వేసి విరగ్గొట్టి, తేటను వడగట్టి, అందులో ఈ నీళ్ళు నాలుగు చుక్కలు వేయాలి. మందు లేకపోతే వెలుగు అలాగే ఉంటుంది. మందు ఉంటే తగ్గిపోతుంది. ఎక్కువ ఉంటే దాదాపు ఆరిపోతుంది.

మొదటిరోజు నేను సీసాలు సర్దుకుంటూ ఇదంతా చెప్తే ఆమె నిలబడి విన్నది. తరువాత నన్ను కిటికీ దగ్గరికి తీసుకుపోయింది. కిటికీ గట్టుమీద వరసగా ఆరేడు స్టీలు గిన్నెలు, ఒక్కోదానిమీద సుద్దముక్కతో గీతలు ఉన్నాయి.

"ఏంటక్కా ఇవి?"

"అనుమానం ఉన్న ఇండ్ల పాలు. తోడేసి పెట్టిన. ఇగో ఇది తోడుకున్నది, మంచిది. ఇది సూడు." ఒక గిన్నె వంచింది. పాలు నీళ్ళలాగే కదిలాయి. "ఒక దినం దాటింది. తోడు పాలల్లనే సచ్చిపోయింది. సూదేసిన పాలు గిట్లనే ఉంటయ్."

నేను నోరు తెరుచుకుని చూశాను. పెరుగు చేసే క్రిమిని కూడా ఆ మందు చంపుతుంది. ఈ సంగతి పుస్తకాల్లో ఉంది. ఆమె ఆ పుస్తకాలేవీ చదవలేదు. ఎవరింటి పెరుగో తోడుకోలేదని ఎవరో అంటే, ఎందుకని వెంటపడి కనుక్కుంది.

"నీదానికి ఎంతసేపు పడ్తది మేడం?"

"పది పదిహేను నిమిషాలు."

ఆమె చేతిలోని గిన్నె తిరిగి గట్టుమీద పెట్టింది. తరువాత మెల్లగా అంది. "నాదానికి దినం పడ్తది. నాకు తెలిసేసరికి ట్యాంకరు పోతది. గా పాలల్ల సగం హాస్టల్ పిల్లలకే. పది నిమిషాలల్ల తెలిస్తే ట్యాంకరు రాకముందే ఆపొచ్చు గద."

నిజం చెప్పాలంటే, ఆపడం గురించి నేను అంతవరకు ఆలోచించలేదు. నాకు కావలసింది నమూనాలు, కొలతలు, వాటితో గీసే గ్రాఫు.

ఆ తరువాత దాదాపు ఏడాదిపాటు నెలకు రెండు మూడుసార్లు ఖమ్మం నుంచి వెళ్ళేదాన్ని. వెనక దాణా బస్తాలు పెట్టుకునే గది మా ప్రయోగశాల. పట్టపగలు చీకటి కావాలి కాబట్టి కిటికీకి గోనెపట్టా కట్టింది. తలుపు సందులో పాతచీర దోపింది. మొదటిసారి టార్చి వేసినప్పుడు సీసాలో నీలం వెలుగు చూసి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. "మిణుగురులను పట్టి నీళ్ళల్ల కలిపినవా మేడం!" అంది. అప్పట్నుంచి అవి మిణుగురు నీళ్ళు, నేను మిణుగురు మేడం.

ఎండాకాలంలో ఒకసారి నాకు సంచి నిండా ఎండిన ఇప్పపువ్వు తెచ్చి ఇచ్చింది. మిణుగురు నీళ్ళను దేనితో చేస్తావని అంతకుముందు అడిగితే, తీపి ఉన్న ఏ పండుతోనైనా పువ్వుతోనైనా చేయొచ్చని చెప్పి ఉంటాను. ఆ పువ్వును నానబెట్టి, రసం తీసి, బిగుతు మూత ఉన్న స్టీలు పాత్రలో పెట్టి ఓవెన్లో గంటల తరబడి వేడిచేశాను. మేము కొనే రసాయనాలతో చేసినదానికంటే వెలుగు ఎక్కువగా వచ్చింది. నా థీసిస్‌లో ఒక అధ్యాయం మొత్తం ఆ పువ్వుదే. సీసా తెచ్చి చూపిస్తే దాన్ని చేతిలో పట్టుకుని తిప్పి తిప్పి చూసింది.

"ఇప్పపువ్వుకు గింత తెలివి ఉన్నదా! మావోళ్ళకు తెల్వదు. సారా కాస్తరు."

ఆమె చేతులు నా చేతులకంటే నిదానం. చుక్క వణికేది కాదు. మూడు నెలల్లో పరీక్ష మొత్తం ఆమే చేయడం మొదలుపెట్టింది. నేను రాని రోజుల కోసం సీసాలు, టార్చి ఆమె దగ్గరే వదిలేశాను. అలా వదలడానికి నాకు అనుమతి లేదు. నమూనాలు తీసుకునేందుకు మాత్రమే ఉంది. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

ఒక లోపం మాత్రం చెప్పాను. పాలలో ఇనుము ఎక్కువున్నా మిణుగురు నీళ్ళ వెలుగు తగ్గుతుంది. తుప్పుపట్టిన క్యానులో పోసిన పాలు తప్పు చూపించవచ్చు. ఆమె అరనిమిషం ఆలోచించింది. "గంతేనా? వెలుగు తగ్గిన ఇంటికి పోయి గాజుగ్లాసుల పిండిచ్చుకొస్త. మల్ల సూస్త." అప్పటినుంచి అలాగే చేసింది. ఏ ఇంటి పాలకు వెలుగు తగ్గితే ఆ ఇంటికి గాజుగ్లాసుతో నడిచి వెళ్ళేది. రెండోసారీ తగ్గితేనే నోట్‌బుక్కులో రాసేది. నా పుస్తకంలో అది ఒక లోపం మాత్రమే. దానికి తోవ వెతికింది ఆమె.

మొదట్లో ఆ నోట్‌బుక్కు నాకోసమే. తరువాత ఒకరోజు ఆమె పాలు ఆపింది.

మొట్టమొదట ఆపింది పెద్దవాళ్ళవి కాదు. ఊరి చివర ఒక ముసలావిడ ఉంది. మొగుడు లేడు. ఒకటే బర్రె. దానికి పొదుగువాపు వస్తే ఎవరో వచ్చి సూది వేసిపోయాడు. మూడోరోజు పాలు తెచ్చింది. ఆ రోజు నేనూ ఉన్నాను. సీసాలో వెలుగు దీపం తగ్గించినట్టు తగ్గింది. గాజుగ్లాసుతో పోయి వచ్చి మళ్ళీ చూసింది. మళ్ళీ అదే.

"పెద్దమ్మా, ఇంకో నాలుగు దినాలు పొయ్యకు. ఇంట్ల గూడ తాగకు. గుంత తీసి పారబొయ్యి."

"నా బర్రె పాలు పారబొయ్యాల్నా? నీ చేతులు ఇరిగిపోను! నువ్వు మనిషివేనా?"

"తిట్టు పెద్దమ్మా. పొయ్యకు మాత్రం."

ముసలావిడ అరుగుమీద కూచుని ఏడ్చింది. టెస్టరమ్మ ఎడమ చెయ్యి వీపు వెనకే ఉంది. నేను వెనక నిలబడ్డాను కాబట్టి ఆ చెయ్యి నాకు కనిపించింది. పిడికిలి బిగించి ఉంది. ఆ రోజు ఆమె మధ్యాహ్నం అన్నం తినలేదు. "బీదోళ్ళవి ఇడిసిపెట్టి, ఉన్నోళ్ళవి ఆపితే అది పరీక్ష గాదు మేడం, పగ" అంది.

వారం తిరగకుండానే ఉన్నోళ్ళ వంతు వచ్చింది. పాలసంఘం అధ్యక్షుడికి పెద్ద షెడ్డు ఉంది, అందులో సంకరజాతి ఆవులు. తాతల కాలంలో కృష్ణా వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. చెడ్డవాడని నేను అనలేను. ఊరికి పాలకేంద్రం తెచ్చింది ఆయనే. నాకు నమూనాలు తీసుకునే అనుమతి ఇచ్చింది కూడా ఆయనే. మాది సత్తుపల్లి దగ్గర పల్లె అని తెలిశాక నన్ను "అమ్మాయ్" అని పిలిచేవాడు. నేను వెళ్ళిన ప్రతిసారీ వాళ్ళింట్లోనే భోజనం. వాళ్ళావిడ నాకు గోంగూర పచ్చడి కట్టి ఇచ్చేది.

ఆయన షెడ్డు నుంచి వచ్చిన క్యాన్లన్నిటికీ వరసగా వెలుగు ఆరింది. టెస్టరమ్మ షెడ్డుకు వెళ్ళి గాజుగ్లాసులో పట్టుకొచ్చింది. మళ్ళీ ఆరింది. క్యాన్లకు మూతలు పెట్టి అరుగు కిందకు దించింది. ట్యాంకరు ఆ పాలు లేకుండానే వెళ్ళిపోయింది. ఆ రోజు నేను లేను. ఫోను చేసి చెప్పింది. ఆమె గొంతులో గర్వమేమీ లేదు. "ఆపిన మేడం. ఎల్లుండి మీటింగు పెట్టిన్రు. నువ్వు రావాలె. నేను చెప్తె ఇనరు. నువ్వు చెప్తె ఇంటరు."

వస్తానన్నాను. ఫోను పెట్టేసి మా పీహెచ్‌డీ గైడుకు చెప్పాను. ఆయన కంగారుపడ్డాడు. "మనం వెళ్ళింది నమూనాలకు, ఊళ్ళో గొడవలకు కాదు. ఆ పరీక్షకు ఇంకా గుర్తింపు లేదు. ఏమైనా అయితే ముందు నీ థీసిస్ ఆగిపోతుంది, తెలుసా?" అన్నాడు. నాకు తెలుసు.

మీటింగు పొద్దున పాలు పోయడం అయ్యాక, అరుగు ముందు జరిగింది. నలభై యాభైమంది ఉంటారు. టెస్టరమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. ఉతికిన చీర కట్టుకుంది. నేను రాగానే ఆమె మొహం విప్పారింది. నాకు అధ్యక్షుడి పక్కన కుర్చీ వేశారు.

ఆయన కోపంగా మాట్లాడలేదు. "పశువు చచ్చిపోతుంటే సూది వేయించకుండా చూస్తూ కూర్చోమంటావా?" అని ఆమెను అడిగాడు.

"సూది ఎయ్యొద్దనలే అయ్యా. ఏసినన్ని దినాలు పాలు పొయ్యొద్దన్న."

"సరే, నా సంగతి వదిలెయ్యి. ఆ ముసలావిడ పాలు ఆపితే ఆవిడేం తినాలి?" అంటూ ముందు వరసలో కూర్చున్న ముసలావిడను చూపించాడు. జనం గొణిగారు. ఆవిడ కొంగు నోట్లో పెట్టుకుని ఏడ్చింది.

అప్పుడు ఆయన నావైపు తిరిగాడు. "అమ్మాయ్, నువ్వు చదువుకున్నదానివి. నువ్వు చెప్పు, అందరం వింటాం. ఆ లైటు ఆరిందంటే మందు ఉన్నట్టేనా? ఇంకో కారణం ఉండదా?"

నేను లేచి నిలబడ్డాను. చెప్పవలసింది ఒక్క మాటే. ఆమె రెండుసార్లు చూసింది, గాజుగ్లాసులో పట్టి చూసింది, ఆ పాలలో మందు ఉందని నేను నమ్ముతున్నాను. ఇంతే.

"ఉండొచ్చండీ," అన్నాను. "పాలలో ఇనుమున్నా వెలుగు తగ్గుతుంది."

"అంటే క్యాను తుప్పు పట్టినా ఆరిపోతుంది."

"అవునండీ."

జనంలో ఎవరో నవ్వారు. టెస్టరమ్మ గోడ వదిలి ఒక అడుగు ముందుకు వచ్చింది. "మేడం, మనం గాజుగ్లాసుల పిండిచ్చి సూసినం గద. చెప్పు మేడం."

నేను ఆమెవైపు చూడలేదు. "ఇది ఇంకా పరిశోధన దశలోనే ఉంది. దీన్ని పట్టుకుని నిర్ణయాలు తీసుకోకూడదు," అన్నాను. అదీ అబద్ధం కాదు. ఆ రోజు నేను చెప్పిన మాటల్లో ఒక్కటీ అబద్ధం కాదు.

ఆమె ఏడవలేదు, అరవలేదు. లోపలికి వెళ్ళి సీసాల పెట్టె, టార్చి తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టింది. "నీయి నీకు ముట్టినయ్ మేడం," అని, చెప్పులు తొడుక్కుని ఇంటికి వెళ్ళిపోయింది. మరునాడు కేంద్రానికి వేరే మనిషిని పెట్టారు. మీటింగయిన మధ్యాహ్నం అధ్యక్షుడి ఇంట్లో నాకు ఆకు వేశారు. తిన్నాను.

ఆపినరోజే ఆమె గాజుగ్లాసులో పట్టిన ఆ షెడ్డు పాలు కొన్ని బస్సులో నాకు పంపింది, మీటింగుకు ముందే వాటిని హైదరాబాదులో పెద్ద మిషన్లున్న ఒక ప్రయోగశాలకు పంపి ఉన్నాను. ఫలితం వచ్చేసరికి చలికాలం అయిపోయింది. పాలలో టెట్రాసైక్లిన్ ఉంది, ఉండకూడనంత ఉంది. ఆ కాగితం పట్టుకుని ఆమెను వెతుక్కుంటూ వెళ్ళాను. ఊళ్ళో లేదు. మిర్చి ఏరడానికి కూలీల బండిలో తల్లాడ వైపు పోయిందన్నారు.

చేను గట్టున నిలబడి పిలిస్తే వచ్చింది. చేతులకు గుడ్డలు చుట్టుకుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మిరప ఘాటుకు. నల్లబడింది.

"బాగున్నవా మేడం," అంది. వ్యంగ్యం లేదు. మామూలుగా అడిగింది.

కాగితం ఇచ్చాను. ఇంగ్లీషు. "ఏం రాసున్నదిండ్ల?"

"నువ్వు చెప్పిందే నిజమని రాసుంది అక్కా."

ఆమె కాగితం మడిచి తిరిగి నా చేతిలో పెట్టింది. "నాకెందుకు మేడం ఇది? నాకు తెల్వనిది ఏమన్న ఉన్నదా ఇండ్ల? పోయి ఆడ సదువు. గా అరుగుమీద నిలబడి, ఆళ్ళందరి ముందట సదువు."

"చదువుతానక్కా."

"అవ్, సదువు," అని మళ్ళీ చేలోకి పోయింది.

చదవలేదు. ఆ నెలలో థీసిస్ ఇవ్వాలి. ఇచ్చాక చదువుదామనుకున్నాను. తరువాత పరీక్షకులు రావాలి, వచ్చి వెళ్ళాక అనుకున్నాను. పట్టా వచ్చాక అడిగేవాళ్ళు లేరు. థీసిస్ మొదటి పేజీల్లో కృతజ్ఞతలు చెప్పేచోట పాలసంఘం అధ్యక్షుడికి, సభ్యులకు అని రాశాను. ఆమె పేరు రాస్తే గొడవ గుర్తుచేసినట్టవుతుందని మా గైడు అన్నాడు. ఇప్పుడు ఇక్కడా రాయడం లేదు. రాసే హక్కు ఎప్పుడో పోయింది.

చివరిసారి ఆమెను చూసింది భద్రాచలం దవాఖానాలో. కోసేసిన చేలో పత్తికట్టె మోడు అరికాలిలో దిగింది. ఊళ్ళో ఏవో సూదులు వేయించుకుంది. తగ్గలేదు. పుండు పైకి పాకింది. వాళ్ళాయన ఫోను చేస్తే వెళ్ళాను. కాలు మోకాలిదాకా ఉబ్బి మెరుస్తోంది. వాళ్ళాయన వసారాలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కూతురు దుమ్ముగూడెంలో పచ్చి బాలింత, రాలేకపోయింది. డాక్టరు మంచివాడు, కుర్రవాడు. ఉన్న మందులన్నీ వాడుతున్నామని, చీము పరీక్షకు పంపామని చెప్పాడు.

ఆ పరీక్ష కాగితం ఆమె దిండు కింద ఉంది. తీసి నాకిచ్చింది.

"ఏ మందుకు లొంగుతదట?"

చూశాను. ఒకవైపు మందుల పేర్లు, వాటికెదురుగా ఒక్కో అక్షరం. లొంగితే ఒక అక్షరం, లొంగకపోతే ఇంకొకటి. పై నుంచి కిందిదాకా దాదాపు అన్నీ లొంగనివే.

"ఇంకా కొన్ని ఉన్నాయక్కా, వాడతారు."

"అన్ని సదువు మేడం. దాయకు. నేను గూడ టెస్టర్‌నే."

చదివాను. ఒక్కొక్క మందు పేరు, దాని ఎదురుగా ఉన్న మాట. లొంగదు. లొంగదు. లొంగదు. టెట్రాసైక్లిన్ దగ్గరికి వచ్చినప్పుడు ఆమె కళ్ళు తెరిచింది. ఆ పేరు ఆమెకు తెలుసు. ఏడాదిపాటు మేమిద్దరం వెతికింది దాన్నే.

"నేనైతే పాలు తాగకపోతి," అంది. అది నన్ను అడిగిన ప్రశ్నో కాదో తెలియదు.

ఆ పుండుకూ ఆ షెడ్డు పాలకూ సంబంధం ఉందని నేను చెప్పలేను. ఆధారం లేదు. మొండికెత్తిన క్రిమి ఎక్కడ మొండికెత్తిందో, ఎవరి ఒంట్లో, ఏ పశువు కొట్టంలో, ఏ మట్టిలో, ఎవరూ చెప్పలేరు. మందు ముట్టని మనిషికీ అది సోకుతుంది. ఈ సంగతిలో ఘోరమంతా అదే. ఇది ఆమెకు వివరిద్దామని నోరు తెరిచాను. జ్వరంలో ఆమె అప్పటికే కళ్ళు మూసుకుంది. చేతిమీద చెయ్యి వేస్తే కాలిపోతోంది. తీసేయమనలేదు. పట్టుకోనూ లేదు.

దినం రోజున ఆ ఊరు వెళ్ళాను. చనిపోయిన మనిషి ఇంట్లో ఉండవలసిన జనం కంటే తక్కువ ఉన్నారు. కూతురు చంకలో బిడ్డతో వచ్చి పలకరించింది. నేనే మిణుగురు మేడం అని చెప్పాను. "మా అమ్మ నీ ముచ్చట శాన చెప్పేదట, ఎనకట. నాయిన చెప్పిండు," అంది. ఎప్పటి నుంచి చెప్పడం మానేసిందో నేను అడగలేదు.

తిరిగి వస్తుంటే దారిలో ఆ ముసలావిడ ఎదురొచ్చింది, ఒక్క బర్రె ఉన్నావిడ. నన్ను గుర్తుపట్టి చెయ్యి పట్టుకుంది. కళ్ళు తుడుచుకుంది.

"ఎంత తిట్టిన మేడం దాన్ని. నా నోట్లె పురుగులు పడ. గిప్పుడు పానం కొట్టుకుంటాంది. మొన్న నా బర్రెకు మల్ల సూదేసిన్రు. టెస్టరమ్మ మీద ఒట్టు పెట్టుకున్న. గీ కేంద్రంల ఒక్క చుక్క పొయ్యలే."

ఇంత జరిగాక ఒక్క మనిషైనా ఆమె మాట విన్నదనుకున్నాను.

"పారబోశావా పెద్దమ్మా?"

"పారబొయ్యనీకి మనసెట్ల ఒప్పుతది బిడ్డా? ఆటో ఆయన వస్తడు. కొత్తగూడెంల ఇండ్లకు పోస్తడట. చిన్నపిల్లలున్న ఇండ్లేనట, బర్రె పాలే కావాల్నంటరట. ఆయనకు పోసిన." నా చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది. "గీడ మాత్రం పొయ్యలే మేడం. దాని మాట నిలబెట్టిన. మంచిగ చేసిన్నా లేదా?"

కన్నీళ్ళతో నా మొహంలోకి చూస్తూ నిలబడింది.

"మంచి పని చేశావు పెద్దమ్మా," అన్నాను.